మంథని బస్సు, కన్యాకుమారి బిల్లు

కాగితాల ప్రకారం చూస్తే మమత సగం దేశం చుట్టి వచ్చిన మనిషి. రెండు వేల నాలుగులో డార్జిలింగ్ చూసింది. రెండు వేల ఎనిమిదిలో సిమ్లా పోయి ఆరు రోజులు చలిలో తిరిగింది. బస్సు బిల్లులు, లాడ్జి రశీదులు, మొగుడి సంతకాలు అన్నీ బొగ్గు కంపెనీ ఆఫీసు ఫైళ్లలో పదిలంగా ఉన్నాయి. అసలు సంగతి చెప్పాలంటే ఆమె ఇటు మంచిర్యాల, అటు కరీంనగర్ దాటి ఎరగదు.

ఇందులో మమత ప్రత్యేకత ఏమీ లేదు. గోదావరిఖనిలో ఈ తీరుగా దేశం చూసిన ఆడవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. నాలుగేళ్లకోసారి కంపెనీ కార్మికుడికి సెలవిచ్చి, పెళ్లాం పిల్లలతో దేశం చూసి రమ్మని దారిఖర్చులు ఇస్తుంది. దాన్ని ఎల్టీసీ అంటారు. ఎంత దూరం పోతే అంత ఎక్కువ ఇస్తుంది. మనవాళ్లు పోరు. చౌరస్తా దగ్గర ఓ ఇరుకు గదిలో కూర్చునే లింగమూర్తి అనే ఏజెంటు చెయ్యి తడిపితే చాలు, ఎంత దూరం కావాలంటే అంత దూరపు బిల్లులు పుట్టిస్తాడు. మిగిలిన దానితో ఒకడు ఫ్రిజ్ కొంటాడు, ఒకడు ఊళ్లో బోరు వేయిస్తాడు. మమత భర్త రఘుపతి మొదటిసారి బండి కొన్నాడు, రెండోసారి ఊళ్లోని పాత ఇంటికి రేకులు వేయించాడు. డార్జిలింగ్ పేరు చెప్పి బండి, సిమ్లా పేరు చెప్పి రేకులు.

ఒక్కటే చిక్కు. సిమ్లాలో ఉన్న మనిషి ఖనిలో కనపడకూడదు. విజిలెన్సు వాళ్లు ఎప్పుడైనా వచ్చి తలుపు తట్టవచ్చు. అందుకని ఎల్టీసీ మీద పోయినవాళ్లు అత్తగారింటికి పోయి దాక్కుంటారు, అదీ కుదరకపోతే ముందు తలుపుకు తాళం వేసి, వెనక తలుపు నుంచి లోపలికి వచ్చి, ఆ పదిరోజులూ సొంత ఇంట్లోనే దొంగల్లా బతుకుతారు. సిమ్లా పోయిన వేసవిలో మమత అదే చేసింది. కుక్కర్ పెడితే కూత వినపడుతుందని గిన్నెలో అన్నం వండింది. పదేళ్ల కూతురు దీప ఆడుకోవడానికి బయటికి పోతానని ఏడిస్తే నోరు మూసింది. పక్క క్వార్టరు వాళ్లకు అంతా తెలుసు. తెలిసినా ఏమీ అనరు, కిందటి ఏడాది వాళ్లూ గోవాలో ఉన్నారు మరి.

బళ్లు తెరిచాక దీప 'సెలవుల్లో నేను చూసిన ఊరు' అని వ్యాసం రాసి మొదటి బహుమతి తెచ్చుకుంది. మంచు చేతిలో పడితే ఎట్లా కరిగిందో, అమ్మ ముక్కు ఎట్లా ఎర్రబడిందో రాసింది. వేసవిలో అక్కడ మంచు పడదని బడిలో ఎవరికీ తోచలేదు. అది చదివి మమతకు దుఃఖం ఆగలేదు. పిల్ల అబద్ధం రాసినందుకు కాదు, ఆ అబద్ధంలో అమ్మ అంత సంతోషంగా ఉన్నందుకు.

మమతకు మొదటినుంచీ ఊళ్ల పిచ్చి. పెద్దపల్లిలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పెళ్లి చేసి పంపారు. చదివింది చరిత్ర. ఆ చదువు ఖనిలో ఉప్పుకూ పప్పుకూ పనికిరాలేదు కానీ, తలలోంచి పోలేదు. యూనియన్ వాళ్లు పంచిన పాత డైరీ ఒకటి పెట్టుకుని అందులో రాసుకునేది. కాశ్మీరు గురించి కాదు, తాజ్‌మహల్ గురించి కాదు. చుట్టుపక్కల గంటా రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ల గురించి. రామగిరి ఖిల్లా, మంథని, కాళేశ్వరం, ధర్మపురి, కోటిలింగాల, జగిత్యాల కోట. బస్సు ఎక్కడ మారాలి, ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ ఊళ్లో ఏం తినాలి. కూరగాయల బండి మనిషిని అడిగేది, దవాఖానలో సూదిమందు ఇచ్చే నర్సును అడిగేది, మీ ఊళ్లో ఏం మంచిగ దొరుకుతదక్కా అని. మంథనిలో పూలమ్మ అనే ముసలమ్మ అనపగింజలు వేసి సర్వపిండి చేస్తుందనీ, దాని కోసం జనం ఇంటి ముందు కూర్చుంటారనీ ఆ నర్సే చెప్పింది. కాళేశ్వరం ఒడ్డున చేపలు, ధర్మపురి పులిహోర, జగిత్యాల తొవ్వలో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. పన్నెండేళ్లలో ఆ డైరీ ఉబ్బిపోయి రబ్బరు బ్యాండు పెడితేగానీ మూతపడని స్థితికి వచ్చింది.

రఘుపతి చెడ్డవాడు కాదు. బాయిలో, అంటే గనిలో, బొగ్గు ఎత్తే యంత్రం నడుపుతాడు. ఇరవై రెండేళ్లుగా దిగడం, ఎక్కడం, పడుకోవడం. ఆదివారం పోదామంటే ప్లేడే అనేవాడు. సెలవురోజు బాయికి పోతే రెట్టింపు కూలి ఇస్తారు, దాన్నే ఖనిలో ప్లేడే అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి కార్మికుడి మీద పాత కక్ష ఉండి ఉంటుంది. మొగుడు ఆదివారం ఆడుకోవడానికి పోతే పెళ్లాం డైరీ తెరిచి ఊళ్లు లెక్కపెట్టుకునేది.

రెండు వేల పన్నెండు డిసెంబరులో మూడోసారి ఎల్టీసీ వచ్చింది. లింగమూర్తి ఈసారి కన్యాకుమారి రాసి ఇచ్చాడు. దీప కరీంనగర్ హాస్టల్లో ఉంది కాబట్టి ఫారంలో ఇద్దరి పేర్లే.

"ఈసారి తాళమేసుకొని ఇంట్ల కూసునుడు నాతోని కాదు," అంది మమత.

"మీ అమ్మగారింటికి పోదాం తియ్."

"అక్కడ పోయి ఏం చేస్తం? నువ్వు పండుతవ్, నేను అంట్లు తోముత. పది దినాల లీవు దొరికింది. నిజంగనే పోదాం. మంథని, కాళేశ్వరం, ధర్మపురి. నాలుగు దినాలు తిరిగి, ఎనుక మా అమ్మగారింటికే పోదాం తియ్. ఊళ్లె ఉండొద్దు అంతే గదా? లేకుంట పోతం."

రఘుపతి ఆలోచించాడు. దాక్కోవడం కన్నా తిరగడం నయమే అనిపించింది అతనికి.

"మరి ఫారంల మంథనే రాస్తే అయిపాయె గద? నిజమే రాసినట్టయితది," అంది మమత.

రఘుపతి నవ్విన నవ్వుకు గోడమీది క్యాలెండరు కదిలింది. "మంథని రాస్తె ఏమొస్తదే? బస్సు టికెట్ పైసలు. నలుగురు నవ్వుతరు. కన్యాకుమారి రాసినం, కన్యాకుమారే ఉండనీ. నీకు ఊళ్లు గావాలె, నాకు బిల్లు గావాలె. ఇద్దరిదీ అయితది."

మనవాళ్లకు చూడటమంటే దూరం. ఇంటి వెనక కోట ఉన్నా అది ఊరు కాదు, గుట్ట. మమత వాదించలేదు. నిజంగా పోతున్నామన్న సంతోషంలో మిగతాదేదీ ఆమెకు పట్టలేదు. పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టుకుని, డైరీ సంచిలో పెట్టుకుని, ముందు తలుపుకే తాళం వేసి, వీధిలోంచే నడిచి బస్టాండుకు పోయింది. ఎల్టీసీ మీద ఆ కాలనీలోంచి ముందు తలుపు నుంచి బయటికి పోయిన మొదటి ఆడమనిషి ఆమెనే కావచ్చు.

మంథని దారిలోని బేగంపేట దగ్గర దిగి రామగిరి గుట్ట ఎక్కారు. ఇరవై రెండేళ్లుగా దిగడానికి అలవాటుపడిన రఘుపతికి ఎక్కడం కష్టమైంది. దారిపొడుగునా రొప్పాడు, తిట్టాడు. పైన కూలిపోయిన బురుజు మీద నిలబడి చూస్తే మాత్రం తిట్టడం మరిచిపోయాడు. పచ్చటి పొలాలు, గోదావరి తెల్లటి గీత, ఆ వెనకాల ఓపెన్‌కాస్టు గనుల్లో తవ్విపోసిన మట్టిగుట్టలు.

"మన బాయి యాడున్నదే?" అన్నాడు.

"గా పొగ పక్కపొంటి ఉండాలె. గీడికెల్లి కనవడది."

"ఇరువై రెండేండ్లు గాడ్నే ఉన్న. గీడికెల్లి సూస్తె ఏం లేనట్టే ఉన్నది," అన్నాడు అతను. రొట్టె తుంచి మొదటి ముక్క ఆమెకు ఇచ్చాడు. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో అట్లా ఇవ్వడం అదే మొదలు. మమతకు ఆ గుట్ట మీదే ఉండిపోవాలనిపించింది.

సాయంత్రానికి మంథని చేరి సత్రంలో దిగారు. తెల్లారి రఘుపతి గోదావరి స్నానానికి పోతే, మమత పాత వీధులన్నీ తిరిగి, అడిగి అడిగి పూలమ్మ ఇల్లు పట్టుకుంది. దుమ్ము పట్టిన చెక్క స్తంభాల అరుగు, అరుగు కింద కట్టెల పొయ్యి. పూలమ్మకు డెబ్భై దాటి ఉంటాయి. బియ్యప్పిండిలో నువ్వులు, ఉల్లాకు, ఎల్లిపాయ, పచ్చి అనపగింజలు కలిపి, గుండ్రటి గంజు లోపలి వైపు చేత్తో ఒత్తి, వేళ్లతో బొక్కలు పెట్టి నూనె వదులుతోంది. గంజు మా అత్తది, ఆమెకు ఆమె అత్త ఇచ్చిందట అని చెప్పింది. మమత ఒకటి తిని ఇంకొకటి అడిగింది. రెండోదానికి ముసలమ్మ పైసలు తీసుకోలేదు.

"అడిగి తినేటోళ్లు తక్కువున్నరు బిడ్డా. అందరు పొట్లం కట్టుమంటరు. నువ్వు కూసొని తిన్నవ్. మళ్లొస్తవా?"

"వస్త అవ్వా. మా బిడ్డను గూడ పట్టుకొని వస్త," అంది మమత. అన్నప్పుడు నిజంగానే అంది.

అప్పుడే మెడలో కెమెరా వేసుకున్న విలేకరి ఒకతను వచ్చాడు. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మన ఊళ్లు, మన తిండి అని పత్రికలన్నీ కొత్తగా కనుక్కుంటున్నాయి. అతను పూలమ్మను ఫొటో తీసి, పక్కన కూర్చుని తింటున్న మమతను చూసి మాట కలిపాడు. ఇక మమత ఆగలేదు. పన్నెండేళ్ల డైరీ నోటి వెంట వచ్చేసింది. రామగిరి చెప్పింది, కోటిలింగాలలో దొరికిన పాత నాణేలు చెప్పింది, కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఎందుకున్నాయో చెప్పింది. అతను గబగబా రాసుకున్నాడు. అంతవరకు ఆమె మాటలు ఎవరూ రాసుకోలేదు.

"మీ పేరు అక్కా?"

"మమత. మాది ఖని, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ. మా ఆయన రఘుపతి, బాయిల పని చేస్తడు. ఎల్టీసీ మీద వచ్చినం."

చెప్పేసింది. అదే ఆమె చేసిన తప్పు. ఇంట్లో తాళం వేసుకుని దాక్కున్నప్పుడు సిమ్లా అన్న మాట నిద్రలో కూడా మరిచిపోలేదు. నిజంగా తిరుగుతున్నప్పుడు మాత్రం, కాగితం మీద తాను కన్యాకుమారిలో ఉన్నానన్న సంగతి ఆమె మనసులోకే రాలేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని రోజు అది, ఆమె లెక్కలో.

విలేకరి ఫొటో తీశాడు. సర్వపిండి ముక్క చేతిలో పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న మమత. పక్కన పూలమ్మ. రఘుపతి తడి తలతో వచ్చేసరికి విలేకరి వెళ్లిపోయాడు. పేపరులో వచ్చాకనే చూపించి ఆశ్చర్యపరచాలని మమత ఆ సంగతి దాచిపెట్టింది.

మిగిలిన మూడు రోజులూ చాలా బాగా గడిచాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. తర్వాత జరిగింది తెలిసి చెప్తుంటే నాకే నోరు చేదవుతుంది.

జనవరిలో ఒక ఆదివారం పేపరులో అర పేజీ వచ్చింది. పూలమ్మ గంజు, మంథని వీధి, మధ్యలో మమత. 'ఎల్టీసీ వస్తే కాశ్మీరు, కన్యాకుమారి అంటూ దూరాలకు పరుగెత్తేవారే ఎక్కువ. కానీ గోదావరిఖనికి చెందిన గని కార్మికుడు రఘుపతి, ఆయన భార్య మమత ఈ ఎల్టీసీలో మన ఊళ్లను చూడాలనుకున్నారు. వారి బాటలో మరెందరో నడవాలి' అని రాశాడు ఆ మహానుభావుడు. మెచ్చుకుంటూనే రాశాడు పాపం. అంతకంటే పకడ్బందీగా శత్రువు కూడా రాయలేడు.

రఘుపతి పేపరు చదివి కూలబడ్డాడు. "ఎల్టీసీ అని గూడ చెప్పినవా?" అన్నాడు. అంతే అన్నాడు. తిట్టి ఉంటే మమతకు కొంత నయంగా ఉండేది. లింగమూర్తి కన్యాకుమారి బిల్లులు పెట్టి అప్పటికి పది రోజులైంది.

నెల తిరగకముందే పేరు లేని ఉత్తరం ఒకటి, పేపరు ముక్క జత చేసి, విజిలెన్సుకు చేరింది. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. గోవా పోయిన పక్కింటివాళ్లు కూడా కావచ్చు. రఘుపతికి ఛార్జిషీటు వచ్చింది. తప్పుడు బిల్లులు, కంపెనీని మోసగించుట. విచారణలో రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే క్వార్టరు ఖాళీ చేయాలి, దీప చదువు ఆగిపోతుంది. బాయి పని తప్ప ఇంకోటి తెలియని నలభై ఐదేళ్ల మనిషికి బయట ఎవడు పనిస్తాడు?

యూనియన్ నాయకుడు గట్టయ్య ఇంటికి వచ్చి, ముందుగదిలో కూర్చుని, చాయ తాగి, పేపరు ముక్కను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫొటో మసకగనే ఉన్నది. మొకం గూడ పక్కకున్నది. మమత అని ఖనిల ఎంతమంది లేరు?" అన్నాడు. "బిల్లులు మన దిక్కున్నయి. పేపరోడు ఎవల్నో చూసి ఎవలో అనుకున్నడు, వాన్తోని నేను మాట్లాడిన, గట్లనే చెప్తడు. చెల్లె, నువ్వొక్క మాట చెప్పాలె. ఫొటోల ఉన్నది నేను గాదు, నేను మంథని పోలే, కన్యాకుమారి పోయిన. గంతే."

"నేను పోయిన గదన్నా," అంది మమత.

"ఎక్కడికి?"

"మంథనికి."

గట్టయ్య రఘుపతి వైపు చూశాడు. రఘుపతి నేల వైపు చూశాడు.

"చెల్లె, దొంగతనం అందరు చేస్తరు. పట్టుబడ్డోడే దొంగ. మూడుసార్ల నుంచి బిల్లులు పెట్టినప్పుడు లేని నీతి గిప్పుడెందుకు?"

బండి మీద వెనక కూర్చుని బజారుకు పోయింది ఆమెనే, రేకుల ఇంట్లో పండుగ చేసుకుందీ ఆమెనే. డార్జిలింగ్ అబద్ధమని ఆనాడు అని ఉంటే ఈనాడు మంథని నిజమని చెప్పే హక్కు ఉండేది. ఆ రాత ఆమె రాసుకున్నదే.

గట్టయ్య పోతూ పోతూ, కిటికీలో ఉన్న డైరీ వైపు చూసి, "ఆ డైరీ గిట్ల ఇంట్ల ఉంచకుండ్రి," అన్నాడు. రఘుపతి అదే రోజు దాన్ని బొగ్గుల పొయ్యిలో పెట్టాడు. రబ్బరు బ్యాండు కాలిన కంపు రెండు రోజులు వంటింట్లోంచి పోలేదు. మమత అడ్డం పోలేదు. ఏ బస్సు ఎక్కడ మారాలో ఇక ఎందుకని అనుకుంది. లింగమూర్తి ఇచ్చిన కన్యాకుమారి పుస్తకం తీసి పాఠం బట్టీ పట్టింది. మూడు సముద్రాలు, రాతి మీద మండపం, పొద్దు పొడుపు.

మార్చి నెలలో విచారణ. విచారణాధికారి అచ్యుతరావు, కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. నెమ్మదస్తుడు. ఫైలు ముందు పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని అడిగాడు.

"చూడమ్మా, డిసెంబరులో మీరు ఎక్కడికి వెళ్లారు?"

"కన్యాకుమారి సార్."

"ఈ ఫొటోలో ఉన్నది మీరేనా?"

"కాదు సార్."

అచ్యుతరావు పేపరులో ఆమె చెప్పిన మాటలు పైకి చదివాడు. రామగిరి, నాణేలు, కాళేశ్వరం రెండు లింగాలు. తన మాటలు పరాయివాడి నోట, అంత మంచి ఉచ్చారణలో వింటుంటే మమత కళ్లు గోడ వైపు తిప్పుకుంది.

"ఇవి మీరన్న మాటలు కావా?"

"కావు సార్. నాకు గవన్ని తెల్వయి."

"ఎవరో గానీ చాలా తెలిసినావిడ," అన్నాడు అచ్యుతరావు, పేపరు మడుస్తూ. ఆ మాటలో వెటకారం లేదు. తర్వాత గంట కొట్టి, "సాక్షిని పిలవండి," అన్నాడు.

తలుపు తీసుకుని పూలమ్మ వచ్చింది.

విజిలెన్సు వాళ్లు మంథని పోయి, ఫొటోలోని బిడ్డను చూపిస్తామని చెప్పి ఆమెను జీపులో తీసుకువచ్చారు. ఈ సంగతి గట్టయ్యకు కూడా తెలియదు. ఉతికిన చీర కట్టుకుని, ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో మోదుగాకు పొట్లం. లోపలికి వచ్చీ రాగానే మమతను చూసి ముడతలన్నీ విప్పుకుని నవ్వింది.

"బిడ్డా, మంచిగున్నవా? మళ్లొస్తనని రాకపోతివి. బిడ్డను పట్టుకొని వస్తనంటివి గదనే!"

రఘుపతి ముఖం చెమటతో తడిసిపోయింది. ఉద్యోగం, క్వార్టరు, దీప చదువు, అన్నీ ఆ క్షణాన మమత నాలుక మీద నిలబడ్డాయి.

"నువ్వెవలో నాకు తెల్వదవ్వా," అంది మమత. "నిన్ను నేనెన్నడు చూడలే."

పూలమ్మ నవ్వు ముఖం మీద అట్లాగే కొద్దిసేపు ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. మమత ముఖంలోకి చూసింది. రఘుపతి చెమట చూసింది. బల్ల మీద కాగితాలు చూసింది. చదువు రాకపోయినా ముసలమ్మకు పరిస్థితి అర్థమైంది.

"ఈవిడేనా ఆ రోజు మీ ఇంటికి వచ్చింది? బాగా చూసి చెప్పండి అవ్వా," అన్నాడు అచ్యుతరావు.

"కాదు సారు," అంది పూలమ్మ. "నా కండ్లు మసక. దూరంకెల్లి ఆ బిడ్డ లెక్కనే కొట్టింది. దగ్గరికొస్తె ఈమె గాదు. ఆ బిడ్డ గిట్లుండదు."

"ఇందాక పలకరించారు కదా?"

"ముసలిదాన్ని. ఎవల్ని చూసినా బిడ్డా అంట. ఈమె గాదని చెప్తున్న గద సారు."

అచ్యుతరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు అంతా తెలిసిపోయిందనే మమతకు అనిపించింది. కానీ తెలియడం వేరు, కాగితం మీదికి రావడం వేరు. సాక్షి గుర్తించలేదు అని రాసి, పూలమ్మతో వేలిముద్ర వేయించుకుని, ఇక వెళ్లవచ్చు అన్నాడు.

బయట వరండాలో గట్టయ్య రఘుపతి భుజం తట్టాడు. "కొలువు నిలవడ్డది పో!" అన్నాడు నెమ్మదిగా. రఘుపతి పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. గోడకు చేరగిలబడి గాలి పీల్చుకున్నాడు. తన పెళ్లాం వైపు చూసి కళ్లతోనే దండం పెట్టాడు. మమత ఆ దండం తీసుకోలేదు.

పూలమ్మ బెంచీ మీద కూర్చుని పొట్లం విప్పింది. మోదుగాకు తెరవగానే నువ్వుల వాసన, ఎల్లిపాయ వాసన వరండా నిండా పరుచుకున్నాయి. జీపు డ్రైవరు, అటెండరు దగ్గరికి వచ్చారు.

"ఏందవ్వా గది?"

"సర్వపిండి. ఇప్పుడు పచ్చి గింజలు యాడియి? ఎండు అనపగింజలు నానేసి చేసిన. ఒక బిడ్డ కోసం తెచ్చిన. ఆమె రాలే. మీరు తినుండ్రి," అంది పూలమ్మ.

అందరూ తలా ఒక ముక్క తుంచుకున్నారు. విచారణ గది తలుపు ఇంకా తెరిచే ఉంది, లోపలి నుంచి అచ్యుతరావు కనపడుతున్నాడు. గట్టయ్య రఘుపతిని మోచేత్తో పొడిచాడు, ముభావంగా ఉంటే అనుమానం వస్తుందన్నట్టు. రఘుపతి ముందుకు పోయి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"మంచిగున్నదవ్వా," అన్నాడు, లోపలికి వినపడేలా. "ఏ ఊరు మీది?"

"మంథని," అంది పూలమ్మ.

"ఎన్నడు రాలే మేము గటు దిక్కు," అన్నాడు రఘుపతి.

ముసలమ్మ తల ఊపింది. చివరి ముక్క ఆకులో మిగిలింది. దాన్ని ఆకుతో సహా ఎత్తి మమత ముందు పట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు గూడ తీసుకో బిడ్డా. నా చేతిది ఎన్నడు తినలే గద."

మమత చెయ్యి చాపింది. ముక్క తీసుకుంది. అందరూ చూస్తుండగా, కొత్తగా తింటున్న మనిషిలా, చిన్నగా కొరికి నమలడం మొదలుపెట్టింది.